డెరీవోలా పచ్చ

విన్నీ టాన్సీ రోజూ పొద్దున్నే, పొయ్యి రాజేయకముందే, పెరట్లోకి వచ్చేది. గుమ్మం దాటుతూ సిలువ గుర్తు వేసుకుని, బట్టలారేసే తీగ దగ్గరికి వెళ్ళి దాన్ని బొటనవేలితో ఒకసారి నొక్కి చూసేది. తర్వాత సరస్సు అవతలి కొండకేసి మొహం పెట్టి కాసేపు అలాగే నిలబడేది. కొండ చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా కనిపిస్తే ఆ పూట వాన. మసగ్గా, దూరంగా ఉంటే బట్టలు ఆరతాయి. ఏది తేలినా మంగళవార్త జపం ఒకటి చెప్పుకుని, లోపలికి వెళ్ళి టీ పెట్టుకునేది. మా వంటింటి కిటికీలోంచి ఆ పెరడు కనిపిస్తుంది. నేను పుట్టిందీ పెరిగిందీ ఈ ఇంట్లోనే. కొండను చూడ్డం నాకెప్పుడూ చేతకాలేదు. విన్నీ తీగ మీద బట్టలుంటే నేనూ ఉతికేదాన్ని, లేకపోతే లేదు.

ఆ తీగ మీద ఆరేవి చాలావరకు ఆవిడ బట్టలు కావు. ఒంటరి మనిషికి ఎన్ని బట్టలుంటాయి? అవి మా డెరీవోలా ఫుట్‌బాల్ జట్టు జెర్సీలు. ఆకుపచ్చ గుడ్డ, ఛాతీకి అడ్డంగా తెల్ల పట్టీ. మా వైపు ఆడే ఫుట్‌బాల్‌లో జట్టుకి పదిహేను మంది. సోమవారం ఆ దారిన పోయేవాళ్ళు తీగకేసి చూసి, బురద మరకలు ఏ నంబరు మీద ఎక్కువున్నాయో దాన్నిబట్టి నిన్నటి ఆటలో ఎవరు ఒళ్ళు దాచుకున్నారో చెప్పేవాళ్ళు. జార్లత్ అనే ఒకడు ఇంటికి వెళ్ళేముందు కాలువ గట్టున కూర్చుని తన జెర్సీకి తనే బురద పూసుకునేవాడు. విన్నీకి తెలుసు. ఎప్పుడూ బయటపెట్టలేదు.

ఆవిడ ఈ పనిలోకి ఎలా వచ్చిందో మా అమ్మ చెబితే విన్నాను. అదంతా జరిగేనాటికి నేను బడికి కూడా వెళ్ళని పిల్లని.

విన్నీకి అన్న ఒకడుండేవాడు, లూక్. తండ్రి చిన్నప్పుడే పోతే ఆ నాలుగు ఆవుల్నీ, రాళ్ళ పొలాన్నీ నెట్టుకొచ్చినవాడు. ఆదివారమైతే జట్టులో ఆరో నంబరు. గోలుకి ముందు వరసలో నడిమధ్య నిలబడేవాడు, గోడలాగా. ఆ రోజుల్లో ఎవరి జెర్సీ వాళ్ళే ఇంటికి తీసుకెళ్ళి ఉతికించుకునేవారు. జట్టుకంతటికీ ఉన్నది ఒక్క జత, మనిషికొకటి చొప్పున పదిహేను. అన్నీ ఉన్ని జెర్సీలు, మెడ దగ్గర బూటు తాడులాంటి తాడు. వాన పడితే మోకాళ్ళ దాకా సాగి, మనిషిని కిందికి లాగేసేది. ఎండుగడ్డి రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఏటవాలు పొలంలో అరువు ట్రాక్టరు తిరగబడి లూక్ దాని కింద పడ్డాడు. తలుపు ఊడదీసి, దాని మీద పడుకోబెట్టి ఇంటికి మోసుకొచ్చారు. వాళ్ళు పెరట్లోకి వచ్చేసరికి అతని జెర్సీ తీగ మీద ఉంది. విన్నీ పొద్దున్నే ఉతికి ఆరేసింది. మోసేవాళ్ళు దాని కిందినుంచి తల వంచుకుని లోపలికి వచ్చారట.

సాయంత్రానికి శవాన్ని కడిగి సిద్ధం చెయ్యడానికి మా అమ్మ బ్రిడీ, జట్టు కెప్టెన్ మ్యాట్ ఫీలీ తల్లి కేట్ వెళ్ళారు. మా వైపు పోయినవాళ్ళకి గోధుమరంగు అంగీ తొడుగుతారు. చర్చివాళ్ళు దీవించి ఇచ్చిన అంగీ. అది మడత పెట్టి మంచం మీద ఉంది.

"కొంచెం ఆగండి, ఇంకా తడి ఉంది," అంది విన్నీ.

"ఏది తడిగా ఉందే?" అంది మా అమ్మ.

విన్నీ పొయ్యికేసి చూపించింది. కుర్చీ వీపుకి ఆరో నంబరు జెర్సీ ఆవిర్లు కక్కుతోంది. అప్పటికి పిల్ల వయసు పద్దెనిమిది. దాన్ని అటూ ఇటూ తిప్పుతూ, చేతులు పైకి ఎత్తి చూస్తూ, అన్నయ్య పెళ్ళికి వేళవుతున్నట్టు తొందరపడుతోందట.

"అయ్యో తల్లీ, అది జట్టుది కదే, వచ్చే ఆదివారం..." అనబోయింది కేట్. మా అమ్మ ఆవిడ కాలు గట్టిగా తొక్కింది. కేట్ నోరు మూసుకుంది.

"పిన్నీ, నాకు తెలుసు," అంది విన్నీ. "కానీ కడపటి దినాన బూర మోగి పోయినవాళ్ళందరూ లేస్తారా, ఎంత గుంపుంటుంది! ఆ గుంపులో మనవాళ్ళెక్కడున్నారో వాడికెలా తెలుస్తుంది? గోధుమరంగులో అందరూ ఒకటేగా. పచ్చ చూస్తే మనవాళ్ళు వాణ్ణి పిలుస్తారు. పచ్చ చూసి వాడూ వచ్చేస్తాడు."

మా అమ్మ జీవితంలో ఎన్నో శవాల్ని కడిగింది. ఆ మాట చెబుతున్నప్పుడు మాత్రం ప్రతిసారీ ఆగిపోయేది. ఇద్దరూ కలిసి ముందు జెర్సీ తొడిగి, దాని మీద అంగీ తొడిగారు. ఫాదరు గారి కంట పడకుండా కేట్ ఫీలీయే అంగీ మెడ పైకి లాగి, పిన్నీసు పెట్టింది. తన కొడుకు జట్టుకి ఒక జెర్సీ తక్కువవుతుందని తెలిసి పెట్టింది.

ఆదివారం కారిక్‌డూతో ఆట. కారిక్‌డూ అంటే కొండ అవతలి ఊరు. వాళ్ళ ఎరుపంటే మాకు పడదు, మా పచ్చంటే వాళ్ళకి పడదు. దుస్తులు మార్చుకునే చోట బెంచీ మీద జెర్సీలు వరసగా పెడుతుంటే ఐదు తర్వాత ఏడు వచ్చింది. మ్యాట్ ఫీలీ తను వేసుకొచ్చిన బూడిదరంగు స్వెట్టరు విప్పి ఆ ఖాళీలో పెట్టాడు. ఆట ఆడించే రిఫరీ హ్యూ కాన్‌బాయ్ గట్టి మనిషి, బూటు మేకులు కూడా లెక్క చూసే రకం.

"ఆ స్వెట్టరేవిటి? ఆరో నంబరు జెర్సీ ఏదీ?" అన్నాడు.

"దాని మనిషి దగ్గరే ఉంది," అన్నాడు మ్యాట్.

కాన్‌బాయ్‌కి కాస్సేపటికి అర్థమైంది. టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, ఈల ఊదాడు. ఆ రోజు మేం ఓడిపోయాం. కారిక్‌డూ వాళ్ళెవరూ అరవలేదని మా నాన్న చెప్పేవాడు.

ఆ రాత్రి గడిచాక, సోమవారం పొద్దున్నే విన్నీ మ్యాట్ ఫీలీ ఇంటికి వెళ్ళి, ఆటయ్యాక ఆ రోజు అక్కడే వదిలేసిన పద్నాలుగు జెర్సీలూ ఆ స్వెట్టరూ గంపలో వేసుకుని వచ్చింది. "ఒకటి పోగొట్టాను. మిగిలినవి నేనే చూసుకుంటాను," అందట. అలా మొదలై, ఇక ఆగలేదు.

జెర్సీల ముచ్చట ఎత్తితే మా పెద్దవాళ్ళు ఉన్నికంటే ముందు రోజులకి వెళ్ళిపోయేవాళ్ళు. జట్టు పెట్టిన కొత్తల్లో పిండి సంచులు విప్పి కుట్టి, పెద్ద కుండలో రంగు వేసి తొడుక్కున్నారట. రెండు వానలకి రంగు దిగిపోయి, పిండిమర పేరూ తూకమూ వీపుల మీద తేలేవి. "ఒరేయ్, బరువు రాసుకుని తిరుగుతున్నావు, నిన్ను మోసుకుపోవడం తేలికేరా," అని కారిక్‌డూ వాళ్ళు ఏడిపించేవాళ్ళు. అప్పుడు రంగుపొడి ఎవరు తెచ్చారో, పచ్చే ఎందుకు తెచ్చారో ఎవరికీ తెలియదు. కొట్లో మిగిలింది అదేనేమో. అయినా ఆ పచ్చ మాదైపోయింది.

ఉన్ని జెర్సీలు చిరిగి, చిమ్మటలు కొట్టి పోయాక నూలు జెర్సీలు వచ్చాయి. దట్టమైన గుడ్డ, తెల్ల కాలరు, పొడుగు చేతులు. కొత్త జత కొనాలనుకున్నప్పుడు జట్టు వ్యవహారాలు చూసే సంఘంవాళ్ళు పట్నంనుంచి గుడ్డ ముక్కలు తెప్పించి బడిలో బల్ల మీద పరిచారు. విన్నీని పిలవలేదు. ఉతికే మనిషికి ఎంపికతో పనేవిటి అనుకున్నారు. ఆవిడే వచ్చింది. కోటు జేబులోంచి చిన్న ఉన్ని ఉండ తీసింది. లూక్ జెర్సీకి మోచేతి దగ్గర రఫ్ఫు చెయ్యగా మిగిలిన దారం. ప్రతి ముక్కనీ కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి ఆ దారం పక్కన పెట్టి చూసింది. సంఘం పెద్దలు, కాలు మీద కాలేసుకున్న రైతులు, టోపీలు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నారు.

"ఇది," అంది చివరికి. "ఇది దగ్గర."

అదే తెప్పించారు. తర్వాత ఎప్పుడు కొత్త జత అనుకున్నా ముందు ఆ దారాన్ని అడిగాకే డబ్బు కట్టేవాళ్ళు. ఒకసారి పంపినవాళ్ళు పొరపాటున లేత బఠాణీ రంగు పంపితే, పెట్టె విప్పిన మ్యాట్ ఫీలీ ఒక్క మాట అనకుండా మళ్ళీ కట్టేసి వెనక్కి పంపాడు. ఆ ఏడంతా మోచేతులు పిగిలిన పాతవాటితోనే ఆడారు. విన్నీ ప్రతి వారం కుట్టింది. ఎందుకు వెనక్కి పంపారని అడిగితే, "కొలతలు కుదరలేదు," అని ఆవిడతో చెప్పారు.

ఆవిడని పెళ్ళి చేసుకుంటానని వచ్చినవాడు ఒకడున్నాడు. పోస్టాఫీసులో పని, నెమ్మదైన మనిషి. అతనికి అవతలి జిల్లాకి బదిలీ అయింది, రమ్మన్నాడు. ఆవిడ వెళ్ళలేదు. తల్లి మంచాన ఉంది, ఆవులున్నాయి, అన్నీ నిజమే. మా అమ్మ మాత్రం, "అన్న సమాధి వదిలి పోలేదే ఆ పిల్ల," అనేది. ఆదివారం పూజ అవగానే అందరూ ముందువైపు గుమ్మంలోంచి కబుర్లాడుకుంటూ బయటికి వస్తే, విన్నీ పక్క తలుపులోంచి శ్మశానంలోకి వెళ్ళేది. అక్కడ జపమాలలో పది పూసలు చెప్పి, తర్వాత మామూలు గొంతుతో కిందటి వారం ఆట సంగతి చెప్పేది. ఎవరు గోలు కొట్టారు, ఎవరు తప్పతాగి వచ్చారు, రిఫరీ ఎంత గుడ్డివాడు. చివర్లో ఒక మాట ఎప్పుడూ ఉండేది. "రంగు అదేరా. అలాగే ఉంది."

నూలు పోయి మెరిసే గుడ్డ వచ్చిన ఏడు ఆవిడకి పెద్ద కష్టం జరిగింది. కొత్త గుడ్డ సంగతి తెలియక, ఎప్పటిలాగే పొయ్యి పైనున్న కడ్డీకి ఆరేసింది. గోల్‌కీపరు జెర్సీ ఒక చెయ్యి వేడికి ముడుచుకుపోయి, మాడిన పంది మాంసం ముక్కలా అయింది. ఆవిడ దాన్ని పట్టుకుని మా వంటింట్లోకి వచ్చి కూలబడింది. ఏడుపు ఆపడం మావల్ల కాలేదు.

"పాడు చేశాను నోనీ. ఇంకొకటి కూడా పాడు చేశాను."

నేను గోల్‌కీపరు డెస్సీకి కబురు పెట్టాను. డెస్సీ వచ్చి, జెర్సీ తొడుక్కుని, మాడిన చేతిని మోచెయ్యి దాకా కత్తెరతో కత్తిరించేసి, చెయ్యి గాల్లో తిప్పి చూసుకున్నాడు. "విన్నీ, మీకెలా తెలిసిందో గానీ, నాకు ఇన్నాళ్ళూ ఇదే కావలసింది. మోచేతికి గాలాడట్లేదు," అన్నాడు. ఆ ఏడంతా ఒక చెయ్యి జెర్సీతోనే నిలబడ్డాడు. చలికి ఆ చెయ్యి నీలంగా మారేది. ఎవరడిగినా, "గాలాడాలి," అనేవాడు.

తర్వాత జెర్సీల మీద కొట్ల పేర్లు వేయించే రోజులొచ్చాయి. మా ఊళ్ళో పేరు వేయించేంత స్తోమత ఉన్నవాడు ఒక్కడే, శవపేటికలు కట్టే టైగ్ కెర్విన్. దాంతో మావాళ్ళు ఛాతీ మీద 'కెర్విన్, అంత్యక్రియల ఏర్పాట్లు' అని రాసుకుని ఆడారు.

"ఏరా, మా కొలతలు తీసుకుపోవడానికి వచ్చారా?" అన్నారు కారిక్‌డూ వాళ్ళు.

"తీసేశాం. నీకు పొట్టి పెట్టె చాలు," అన్నాడు మా జార్లత్.

విన్నీ నవ్వింది గానీ, ఆ అక్షరాల్ని ఇస్త్రీ పెట్టె తగలకుండా, గుడ్డ వేసి మరీ కాపాడింది. పేరు ఎవరిదైతేనేం, దాని వెనకున్న పచ్చ మాదే కదా అంది. ఇంకొన్నేళ్ళకి ఒంటికి అతుక్కునే జెర్సీలొచ్చాయి. పొట్టలున్నవాళ్ళు ఊపిరి బిగబట్టి ఫొటో దిగేవాళ్ళు. దారం మాత్రం వెలిసిపోయింది. రంగు పోల్చాలంటే ఆవిడ దాన్ని విప్పి ఉండ లోపలి పోగు తీసేది.

పచ్చకి వచ్చిన ముప్పు దుకాణాలనుంచి రాలేదు, మాలోంచే వచ్చింది. ఇళ్ళు ఖాళీ అయ్యాయి. పిల్లలు డబ్లిన్‌లో ఉద్యోగాలు చూసుకున్నారు, అక్కడి జట్లలో ఆడుకున్నారు. బడి మూసేశారు. జార్లత్ నలభై దాటి, మోకాలికి కట్టు కట్టుకుని ఆడేవాడు. చివరి ఏడాది ఒక ఆటకి పదమూడు మందే వచ్చారు. బెంచీ మీద రెండు జెర్సీలు మడత విప్పకుండా మిగిలిపోయాయి. మర్నాడు చూస్తే అవి కూడా తీగ మీద ఉన్నాయి.

"అవెవరూ తొడగలేదు కదా విన్నీ, ఎందుకు ఉతికావు?" అన్నాను.

"పాపం, ఆ చలిలో కూర్చున్నాయి కదే అంతసేపూ," అంది.

ఆ శీతాకాలంలో చర్చి పక్క హాల్లో రెండు ఊళ్ళవాళ్ళూ కూర్చున్నారు. కారిక్‌డూకీ మనుషుల్లేరు. రెండూ కలిసి ఒకే జట్టు కావాలన్న మాట అందరికీ ముందే తెలుసు. దాని మీద చేతులెత్తడానికి ఎక్కువసేపు పట్టలేదు. పేరు కూడా తేలికగానే తేలింది, రెండు ఊళ్ళకీ మధ్యనున్న సరస్సు పేరు. రంగు దగ్గరే ఆగిపోయింది.

"సగం పచ్చ, సగం ఎరుపు," అన్నాడొకడు.

"క్రిస్మస్ చెట్టులా ఉంటాం. దీపాలు కూడా చుట్టుకుందామా?" అన్నాడు డెస్సీ.

అందరూ నవ్వారు. పచ్చ అంటే అవతలివాళ్ళు గోడకేసి చూశారు, ఎరుపు అంటే మావాళ్ళు నేలకేసి చూశారు. ఎవరూ కోపంగా లేరు. అందరి మొహాల్లోనూ పక్క గదిలో రోగి ఉన్న ఇంట్లోలా ఒక జాగ్రత్త. చివరికి, మరియమ్మ కొంగు నీలం రెండూళ్ళ చర్చిల్లోనూ ఉంది కదా, నీలం తీసుకుందాం అన్నారు. ఎవరికీ నచ్చలేదు కాబట్టి అందరూ ఒప్పుకున్నారు.

చేతులెత్తేముందు సంఘం అధ్యక్షుడు విన్నీ వైపు చూశాడు. హాలంతా చూసింది. లూక్ జెర్సీ సంగతి అందరికీ తెలుసు మరి. దారం తీస్తుందేమో అనుకున్నాం. ఆవిడ చేతులు జేబుల్లోంచి బయటికి రాలేదు. "పిల్లలకి ఆడుకోవడానికి జట్టుండాలి," అంది. అంతే అంది. చెయ్యి మాత్రం ఎత్తలేదు.

నేనే ఆవిడని కారులో ఇంటికి తీసుకొచ్చాను. వంతెన దాటాక అంది.

"వాడు లేచి చూస్తాడు నోనీ. అంతా నీలం. పచ్చలో వాడొక్కడే. ఎవర్నని అడుగుతాడు?"

"దేవుడు చూసుకుంటాడులే విన్నీ."

"దేవుడికేం, దేవుడికి లూక్ తెలుసు. లూక్‌కే మనవాళ్ళు తెలియరు. వాడు పోయేసరికి మీరెవరూ పుట్టనైనా లేదు, లేకపోతే చంటిపిల్లలు. వాడికి తెలిసిన మొహాలన్నీ నేలలోనే ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఆ రంగు ఒక్కటే ఆనవాలు."

కారు నడుపుతూ మనసులో పరలోక జపం చెప్పుకున్నాను. తర్వాత మా ఫాదరు గారితో ఈ సంగతి అంటే, ఆయన మర్నాడే వెళ్ళాడు. పునరుత్థానంలో బట్టల ప్రసక్తి ఉండదని చెబుదామనే వెళ్ళాడట. ఆవిడ మొహం చూశాక ఆ మాట రాలేదు, పక్కన మోకరించి జపమాల చెప్పి వచ్చానన్నాడు. మంచివాడు.

ఆ తర్వాత విన్నీ ఆదివారాలు శ్మశానానికి వెళ్ళడం తగ్గించింది. వెళ్ళినా జపం చెప్పి వచ్చేసేది. ఆట కబుర్లు లేవు. "ఏం చెప్పను? చివర్లో అనాల్సిన మాట అనలేను కదా," అంది నాతో. పాత పచ్చ జత ఉతికి, మడిచి, సంఘంవాళ్ళకి అప్పగించేసింది. ఒకటి ఉంచుకోమన్నా ఉంచుకోలేదు. మనిషి చిక్కిపోయింది. చేతివేళ్ళు అప్పటికే వంకరపోయి ఉన్నాయి, ఆ చలికాలంలో బొత్తిగా బిగుసుకుపోయాయి. రొట్టె కోసి పెట్టడానికి రోజూ ఎవరో ఒకరు వెళ్ళేవాళ్ళం. కేట్ ఫీలీ మనవరాలు పాలు తెచ్చి, మూత తీసి మరీ పెట్టి వెళ్ళేది.

కొత్త జట్టు మొదటి ఆటకి మేమంతా వెళ్ళాం. ఆవిడ రాలేదు. గెలిచారు. ఊళ్ళోకి కార్లు హారన్లు కొట్టుకుంటూ వచ్చాయి. విన్నీ కిటికీ తెర కదలలేదు.

మర్నాడు నేను ఆవిడకి గుడ్లు ఉడకబెట్టి పెడుతుంటే గుమ్మంలో మనిషి నీడ పడింది. ఫెర్గల్ లావిన్, కొత్త జట్టు కెప్టెన్, కారిక్‌డూ వాడు. పాల లారీ నడుపుతాడు. ముప్పై ఏళ్ళ ఆజానుబాహువు, తలుపు దగ్గర వంగాల్సి వచ్చింది. భుజాన పెద్ద సంచీ.

"ఈ ఇంట్లో అందరికీ దేవుడి దీవెన," అన్నాడు.

"అందరూ అంటే నేనూ, నోనీ, ఆ పిల్లీ. కూర్చో నాయనా," అంది విన్నీ.

వాడు కూర్చుని, టోపీ తీసి, సంచీకేసి చూశాడు. "నిన్నటి జెర్సీలు. మా అమ్మ మిషన్లో వేసేస్తానంది. కానీ ముందు మిమ్మల్ని అడగాలని అనుకున్నాం. మీ చేతిమీదుగా అయితే బావుంటుందని."

"డెరీవోలా వాళ్ళు అన్నారా?"

"లేదండీ. ముందు అన్నది మావాళ్ళే."

విన్నీ వాడి మొహంలోకి చూసింది. తర్వాత రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. "ఇవి చూడు. ఇప్పుడు నా పిన్నులు నేను పెట్టుకోలేను. మీ అమ్మనే ఉతకమను. పొయ్యి దగ్గర ఆరెయ్యొద్దని చెప్పు."

"చెబుతాను," అన్నాడు ఫెర్గల్. కళ్ళు దించుకుని లేవబోయాడు.

"ఉండు. ఒకటి చూపించు."

వాడు సంచీలోంచి ఒకటి తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. బురద ఎండి ఉంది. ఆవిడ మెటికలతో గుడ్డని తడిమింది. "ఉల్లిపొరలా ఉందే. చలెయ్యదూ?"

"పరిగెత్తితే వెయ్యదండీ."

"నీదేనా ఇది? నీ నంబరెంత?"

"పదకొండు."

"సరే, పదకొండైతేనేం." ఆవిడ ఆ నీలాన్ని కిటికీ వెలుగులోకి తిప్పి, అలాగే పట్టుకుని కూర్చుంది. నేను పొయ్యి మీది గిన్నె దించి, చప్పుడు కాకుండా పక్కన పెట్టాను. ఆవిడ మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు సన్నగా, భయంగా ఉంది. ఎవరినీ ఏదీ అడిగి అలవాటు లేని మనిషి.

"నీకు పనుంటే వద్దు నాయనా. కారిక్‌డూ వాడివి, నిన్నడిగే హక్కు కూడా నాకు లేదు. మా అన్నయ్య ఒకడు ఇక్కడ చర్చి వెనక ఉన్నాడు, లూక్. పచ్చలో ఉన్నాడు. ఈ మార్పు సంగతి వాడికి నేను నోటితో చెప్పలేకపోతున్నాను. వచ్చే ఆదివారం పూజయ్యాక, ఇది ఉతికించి, తొడుక్కుని, నాతో వాడి దగ్గరికి వస్తావా? పదిహేను మందీ అక్కర్లేదు, నువ్వొక్కడివి చాలు. జపం రాకపోతే చెప్పక్కర్లేదు. ఏ ఊరివాడివో కూడా చెప్పకు, పాపం, వాడికి అన్నీ ఒకేసారి వద్దు. ఊరికే వాడి ఎదురుగా కాసేపు నిలబడు. రేపు బూర మోగి లేచినప్పుడు ఎవరి దగ్గరికి రావాలో వాడికి తెలియాలి కదా."